‘హెస్టర్ స్ట్రీట్’: గిటిల్ విగ్గు తీయడం విశ్వాసాన్ని వదులుకోవడమేనా?

పాతరీలు: 1975లో జోన్ మిక్లిన్ సిల్వర్ తీసిన ఈ చిత్రాన్ని మళ్ళీ చూశాను. 1896 నాటి న్యూయార్క్ యూదుల పేటకు కొడుకుతో వచ్చిన గిటిల్, పెళ్ళయిన స్త్రీ జుట్టు పరాయివారి కంట పడరాదన్న నియమం ప్రకారం విగ్గు పెట్టుకుంటుంది. ముందే వచ్చి దొరవేషం కట్టిన భర్త జేక్‌కు అది తలవంపు. చివరికి ఆమె సొంత జుట్టుతోనే వీధిలో నడుస్తుంది. దీన్ని అందరూ విముక్తి అంటారు గానీ, నాకు జేకే గెలిచినట్టు అనిపించింది.

నల్లజడ: జేక్ గెలవడమేమిటి? అతను ప్రియురాలు మేమీ కోసం విడాకులు కోరినప్పుడు లాయరు బేరమాడుతున్నంతసేపూ గిటిల్ పెదవి విప్పదు. ఆ మౌనానికే ధర పెరిగి, మేమీ దాచుకున్న సొమ్ము ఈమె చేతికి వస్తుంది. దానితో కొట్టు పెట్టి, యూదుల పవిత్ర గ్రంథం తోరా చదువుకునే బెర్న్‌స్టైన్‌ను పెళ్ళాడబోతుంది. విశ్వాసం పోయిన మనిషి ఏరికోరి పండితుణ్ణి చేసుకుంటుందా?

పాతరీలు: నేనడిగింది విగ్గు గురించి.

దారినపోయేవాడు: గిటిల్‌గా వేసిన కేరల్ కేన్ కళ్ళు చూశారా? ఆస్కార్ నామినేషన్ ఊరికే రాలేదు.

పాతరీలు: బెర్న్‌స్టైన్‌ను చేసుకున్నా ఆమె తల కప్పుకోవలసిందే కదా, శాస్త్రప్రకారం?

నల్లజడ: మళ్ళీ విగ్గేనా! నేను అమెరికాలో దిగిన రోజున మా ఆయన విమానాశ్రయంలోనే నా కాళ్ళవైపు చూసి, ‘ఇక్కడ మెట్టెలెందుకు’ అన్నారు. వారం తిరక్కుండా జడ కూడా కత్తిరించుకున్నాను. అదే నాకై నేను అనుకుని చేసి ఉంటే ఇన్నేళ్ళు గుచ్చుకునేది కాదు.

పాతరీలు: మీ ఇంటి సంగతి సినిమాకు సాక్ష్యం కాదు. మా అమ్మాయి మంగళసూత్రం తీసి డ్రాయరులో పెట్టింది, ఎవరూ బలవంతపెట్టలేదు. తన ఇష్టమంటుంది, శుక్రవారం దీపం మాత్రం మానదు. దాన్ని నేనేమనుకోవాలి?

నల్లజడ: అదీ మీ అసలు బాధ, మొదటే చెప్పవలసింది. యూదుల విడాకుల పత్రమైన ‘గెట్’ను భర్త భార్య దోసిట్లో వేస్తాడు. అతను వెంటనే పెళ్ళాడవచ్చు, ఆమె సుమారు 3 నెలలు ఆగాలి. గిటిల్ ఆ నియమానికి తలవంచింది, తనకు కావలసిన మగవాణ్ణీ తానే ఎంచుకుంది. ఈ రెండూ ఒకే మనిషిలో ఇమడవా?

పాతరీలు: ఇమడవని నేననలేదు. తీసేముందు ఒక్క మాట అడిగి ఉండవచ్చు కదా అంటున్నాను.

నల్లజడ: ఎవరు, గిటిలా, మీ అమ్మాయా?