నటులకు గొంతు, ఉచ్చారణ నేర్పే పనిలోకి ఎలా రావాలి?

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా కావలి. నాకు 34 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్తాను. ఏడేళ్లుగా సాయంత్రాలు మా ఊరి నాటక బృందంలో కుర్రాళ్లకు డైలాగులు పలకడం నేర్పిస్తున్నాను. ఇదే వృత్తిగా పెట్టుకోవాలని గట్టిగా ఉంది.

పోయిన సంక్రాంతికి ఒంగోలులో నాటకం వేశాం. మా హీరో రెండో రంగంలోనే మెడ నరాలు ఉబ్బేలా అరిచాడు. చివరి రంగానికి వచ్చేసరికి గాలి తప్ప మాట రాలేదు. 'సంకం' అనేవాడి చేత 'శంఖం' అనిపించగలిగాను గానీ, గొంతు చెడకుండా మాటను వెనక వరస దాకా పంపడం నేర్పలేకపోయాను. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి తియ్యరా అంటే భుజాలు ఎగరేస్తాడు. అది ఎలా సరిచేయాలో నాకు తెలియదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

లండన్‌లోని రాయల్ సెంట్రల్ అనే నాటక స్కూల్‌లో దీనికే ప్రత్యేకంగా పీజీ ఉంది, అంత ఖర్చు మావల్ల కాదు. ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో నటన శిక్షణలో భాగంగా వాచికం, అంటే మాటతో చేసే అభినయం, నేర్పుతారు. కానీ నేను నటుణ్ణి కాదు, నేర్పేవాణ్ణి కావాలి. ముందు నటన కోర్సు చేయాల్సిందేనా? స్పీచ్ థెరపీ చదువు మేలా?

ఇంకోటి, యాస. 'యాడికి పోతుండావు' అనే పిల్లాడి చేత దాన్ని మాన్పించడం నాకిష్టం లేదు. పాత్రకు తగ్గట్టు మార్చుకోవడం నేర్పితే చాలదా?

ఈ పనితో ఇల్లు గడుపుతున్నవాళ్లు ఉంటే, ఎక్కడ మొదలుపెట్టారో దయచేసి చెప్పండి.