చాకో కేన్యన్‌కు ఆగస్టులో వెళ్ళవచ్చా?

తార్నాక నివాసి:
నమస్కారం. ఆల్బకర్కీలో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి ఆగస్టులో నేనూ, మా వారూ వెళ్తున్నాము. గోల్కొండ, భువనగిరి, ఓరుగల్లు తీరిగ్గా తిరిగి చూసినవాళ్ళం కనుక, న్యూమెక్సికో ఎడారిలోని చాకో కేన్యన్ శిథిలాలు కూడా చూడాలని కోరిక. దారి బాగుండదని మా అల్లుడుగారు వెనకాడుతున్నారు. మా వారికి మోకాళ్ళ నొప్పులు కూడా ఉన్నాయి. ఉదయం వెళ్ళి సాయంత్రానికి తిరిగి రాగలమా? అంత శ్రమకు తగినది అక్కడ ఉందా?

రాళ్ళబాట:
అమ్మా, మీ అల్లుడుగారి సందేహం సబబే. 550వ నంబరు హైవే దిగిన తరువాత పార్కుకు 21 మైళ్ళు ఉంటుంది. అందులో 8 మైళ్ళే తారు రోడ్డు, తక్కిన 13 మైళ్ళూ మట్టి దారి. నేల ఎండి ఉంటే మామూలు కారైనా నెమ్మదిగా వెళ్ళిపోతుంది. కానీ మీరు వెళ్ళేది అక్కడి వానకాలంలో. మధ్యాహ్నం మబ్బు పట్టి ఒక్క జల్లు గట్టిగా కురిసిందంటే ఆ మట్టి జిగట బురదై చక్రాలను పట్టేస్తుంది, దారికి అడ్డంగా వాగు కూడా పారవచ్చు. అందుచేత తెల్లవారకముందే బయలుదేరండి, ముందు రోజు పార్కువారికి ఫోన్ చేసి దారి సంగతి కనుక్కోండి, అద్దె కారైతే మట్టి రోడ్డుకు ఒప్పందం ఒప్పుకుంటుందో లేదో చూసుకోండి. లోపల పెట్రోలు బంకు, హోటలు ఏవీ లేవు. సందర్శకుల కేంద్రంలో మంచినీళ్ళు మాత్రం దొరుకుతాయి. పులిహోర, పెరుగన్నం వెంట ఉంచుకోవలసిందే. ఎత్తు 6,200 అడుగులు, అంటే మన హైదరాబాద్‌కు మూడు రెట్లకు పైమాటే కనుక నాలుగడుగులకే ఆయాసం వస్తుంది.

సున్నమూ ఇసుకా:
శ్రమకు తగినది ఉందా అన్నారు కనుక నేను గోడల గురించే చెబుతాను. ప్యూబ్లో బొనీటో అనే కట్టడం సుమారు క్రీ.శ. 850 నుంచి 1150 వరకు విడతలు విడతలుగా లేచింది. అర్ధచంద్రాకారంలో 600కు పైగా గదులు, కొన్నిచోట్ల నాలుగంతస్తులు. గోల్కొండలో మనం చూసే సున్నం ఇక్కడ కనబడదు. గోడ మధ్యలో ముక్కరాళ్ళూ మట్టి అడుసూ నింపి, రెండు వైపులా పలుచని ఇసుకరాతి పలకలను వరసగా పేర్చారు. దగ్గరికి వెళ్ళి చూడండి, పెద్ద రాయికీ రాయికీ మధ్య గోరంత రాతి పెచ్చులను కూడా ఏరి దూర్చారు. చిత్రమేమంటే, ఇంత నగిషీ చేసిన గోడల్లో చాలావాటిపై ఆనాడు మట్టి పూత ఉండేది!

దూలాల మొదళ్ళు కొన్ని ఇప్పటికీ గోడల్లోనే ఉన్నాయి. చక్రాల బండిగానీ, బరువులు లాగే పశువుగానీ లేని ఆ మనుషులు రెండు లక్షల మానులకు పైగా దూరపు కొండల నుంచి మోసుకొచ్చారని అంచనా. ఆ కొయ్యలోని వలయాలను లెక్కించే కట్టడాల కాలం తేల్చారు. 1941లో వెనుకనున్న పెద్ద బండ విరిగిపడి సుమారు 30 గదులు నుజ్జయ్యాయి. ఆ రాళ్ళగుట్ట అలాగే ఉంది. ముడుమాల్ నిలువురాళ్ళ దగ్గర సూర్యుడి గమనం గురించి విన్నవారికి ఇక్కడి ఫహాడా గుట్ట ఆసక్తి కలిగిస్తుంది, దాని మీద సూర్యుడి గమనాన్ని గుర్తించే రాతిచెక్కడం ఉంది, కాకపోతే పైకి ఎక్కనివ్వరు. నడక పెద్దగా ఉండదు గానీ లోపలి ద్వారాలు పొట్టివి, మీవారు నడుము, మోకాళ్ళు వంచక తప్పదు. ఇబ్బందైతే బయటి గోడ వెంట నడిచినా చాలు. ప్యూబ్లో, హోపీ, జూనీ తెగలవారికి ఇది పూర్వీకుల చోటు. కుండపెంకు కనబడినా తీయకండి, చట్టరీత్యా నేరం.

ఉత్తరపు గాలి:
వాన సూచన ఉంటే మొండిగా వెళ్ళకుండా న్యూమెక్సికో ఉత్తరాన ఉన్న ఆజ్‌టెక్ రూయిన్స్ అనే శిథిలాలకు వెళ్ళండి. అదీ చాకో వారసత్వపు కట్టడమే, తారు రోడ్డు గుమ్మం దాకా ఉంది. అక్కడి పెద్ద కీవాను, అంటే నేలలోకి దిగిన గుండ్రటి పూజాగృహాన్ని, 1934లో పైకప్పుతో సహా తిరిగి కట్టారు. చాకోలో ఇలాంటివి కప్పు లేకుండానే కనిపిస్తాయి కాబట్టి, నా మటుకు నాకు ముందు దీన్ని చూసి తరువాత అక్కడికి వెళ్ళడమే మేలనిపిస్తుంది.

తార్నాక నివాసి:
అందరికీ ధన్యవాదాలు. సెప్టెంబరు చివరిదాకా అక్కడే ఉంటాము కనుక, ముందుగా ఆజ్‌టెక్ చూసి, వానలు వెనకపట్టాక చాకోకు వెళ్దామని మా అల్లుడుగారిని ఒప్పించాను.