ఘాట్ ఎక్కలేకపోతున్న పాత కారు: క్యాటలిటిక్ కన్వర్టర్ మార్చే ముందు ఏమేమి చూడాలి?

అలిపిరి_పాతబండి:
అందరికీ నమస్కారం. నాది 2014 మోడల్ పెట్రోలు కారు, ఇప్పటికి 1,18,000 కిలోమీటర్లు తిరిగింది. రెండు నెలలుగా పికప్ తగ్గుతూ వస్తున్నా ఊళ్లో తిరిగేటప్పుడు అంతగా తెలియలేదు. మొన్న శనివారం అమ్మానాన్నలను ఎక్కించుకుని తిరుమలకు బయలుదేరితే, అలిపిరి దాటి నాలుగైదు మలుపులు ఎక్కేసరికి యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి రెండో గేరులో కూడా లాగలేకపోయింది. దానితోపాటు కుళ్లిన కోడిగుడ్ల వాసన వచ్చింది, చెక్ ఇంజన్ లైట్ వెలిగింది. వెనుక బస్సులు వరుసగా నిలబడిపోగా, పెద్దవాళ్లను అలా రోడ్డు పక్కన కూర్చోబెట్టవలసి వచ్చినందుకు చాలా బాధ కలిగింది.

స్కానర్ పెడితే పి0420, పి0303 అనే రెండు కోడ్‌లు వచ్చాయి. ఒక సర్వీసు కేంద్రంలో కన్వర్టర్ (సైలెన్సర్ గొట్టంలో ఉండి పొగలోని విషవాయువులను తగ్గించే డబ్బా) పోయిందని, కొత్తదానికి 54,000 రూపాయలు అవుతుందని చెప్పారు. ఇంకొక షెడ్డులో దాన్ని కోసి లోపలిది తీసేసి మళ్లీ వెల్డింగ్ చేస్తే 1,500 రూపాయలతో సరిపోతుందని అంటున్నారు. ఇదే ఇబ్బంది పడినవారు ఎవరైనా ఉంటే ఏమి చేశారో దయచేసి చెప్పండి.

మొగిలిఘాట్:
ఆ 1,500 రూపాయల పని నేను చేయించుకున్నాను, మీరు మాత్రం చేయించుకోవద్దు. పలమనేరు నుంచి చిత్తూరుకు రోజూ మొగిలి ఘాట్ మీదుగా తిరిగేవాణ్ణి. కన్వర్టర్ లోపలి గూడు తీయించిన మొదటి వారం బండి తేలిగ్గా లాగుతున్నట్టు అనిపించిన మాట నిజమే. మూసుకుపోయిన గొట్టం తెరిస్తే ఏ బండి అయినా అలాగే లాగుతుంది. తరువాత సైలెన్సర్ మోత పెరిగింది, అద్దాలు దించితే పొగవాసన లోపలికి వచ్చి పిల్లలకు తలనొప్పి మొదలైంది, చెక్ ఇంజన్ లైట్ ఏమాత్రం ఆరలేదు, మైలేజీ కూడా పెరగలేదు. పొల్యూషన్ టెస్టులో కార్బన్ మోనాక్సైడ్ 0.9 శాతం వచ్చింది. బీఎస్-4 (భారత్ స్టేజ్ అనే కాలుష్య ప్రమాణాల్లో నాలుగోది) పెట్రోలు కారుకు ఐడ్లింగ్‌లో, అంటే బండి ఆగి ఇంజన్ నడుస్తున్నప్పుడు, ఉండవలసిన హద్దు 0.3 శాతం, హైడ్రోకార్బన్లకు 200 పీపీఎం (పది లక్షల్లో 200 వంతులు). 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం కాలుష్య ప్రమాణాలు తప్పిన బండికి 10,000 రూపాయల దాకా జరిమానా పడవచ్చు. చివరికి కొత్త కన్వర్టర్ కొనక తప్పలేదు, ముందు పెట్టిన డబ్బు వృథా అయింది.

ఆటోనగర్_షెడ్డు:
నేను ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మీరు రెండు కోడ్‌లు రాశారు, కానీ మీకు సలహా ఇచ్చినవాళ్లు ఒక్కదాని గురించే మాట్లాడినట్టున్నారు. పి0420 అంటే కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని, పి0303 అంటే మూడో సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకుండా మిస్ అవుతోందని అర్థం, అసలు సంగతి అక్కడే ఉంది. కన్వర్టర్ లోపల తేనెపట్టులాంటి పింగాణీ గూడు ఉంటుంది, దాని గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది. సిలిండర్‌లో మండకుండా బయటికి వచ్చిన పెట్రోలు ఆ గూడులోకి చేరి అక్కడ మండుతుంది. మామూలుగా 400 నుంచి 800 డిగ్రీల మధ్య పనిచేసే ఆ గూడు అప్పుడు విపరీతంగా వేడెక్కి, కరిగి, ముద్దకట్టి, పొగ పోయే దారినే మూసేస్తుంది. బ్యాటరీ బలహీనపడినప్పుడు బండిని చాలా దూరం తోసి స్టార్ట్ చేసినా ఇలాగే పచ్చి పెట్రోలు లోపలికి వెళ్తుంది. ఇంజన్ ఆయిల్ తాగే బండిలో అయితే ఆయిల్‌లోని ఫాస్ఫరస్, జింకు ఆ పూత మీద పేరుకుని దాన్ని చంపేస్తాయి. హెడ్ గాస్కెట్ (ఇంజన్ పైభాగాన్ని బిగించే చోటి సీలు) పోయి కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) సిలిండర్‌లోకి చేరినా జరిగేది అదే. కనుక కన్వర్టర్‌ను చంపినదేదో కనిపెట్టకుండా 54,000 పెట్టి కొత్తది వేయిస్తే, కొన్ని నెలలకు అది కూడా పోతుంది. అలా ఏడాదిలో రెండుసార్లు మార్పించి, మూడోసారి మా షెడ్డుకు వచ్చిన బండిని నేను చూశాను.

మొదట ప్లగ్‌లు, వాటికి కరెంటు ఇచ్చే కాయిళ్లు చూపించండి. మూడో సిలిండర్ కాయిల్‌ను రెండోదానికి మార్చి వేస్తే, కోడ్ కూడా పి0302కు మారితే తప్పు కాయిల్‌దే. ఆ తరువాత బ్యాక్ ప్రెషర్, అంటే పొగ బయటికి పోలేక గొట్టంలో పేరుకునే ఒత్తిడి, చూడాలి. కన్వర్టర్‌కు ముందున్న ఆక్సిజన్ సెన్సార్ (పొగలోని ఆక్సిజన్‌ను కొలిచేది) విప్పి అక్కడ గేజి బిగించి, ఇంజన్‌ను 2,500 ఆర్‌పీఎం దగ్గర ఉంచినప్పుడు ముల్లు 3 పీఎస్ఐ దాటితే గొట్టం మూసుకుపోయినట్టే. ఇక కన్వర్టర్ తరువాత ఉండే వెనుక సెన్సార్ వోల్టేజీ: కన్వర్టర్ బాగుంటే అది 0.6, 0.7 వోల్టుల దగ్గర నిలకడగా ఉంటుంది. ముందు సెన్సార్‌లాగే 0.1 నుంచి 0.9 మధ్య ఊగుతూ ఉంటే గూడు పనిచేయడం లేదన్నమాట. అయితే సైలెన్సర్ గొట్టంలో ఎక్కడైనా లీకు ఉన్నా పి0420 కోడ్ రావచ్చు, కాబట్టి జాయింట్లు చూడకుండా ఎవరూ తీర్పు చెప్పకూడదు.

చిత్తూరు_మాస్టారు:
ఒక చిన్న సంగతి. నా 2006 నాటి కారులో ఒకే ఆక్సిజన్ సెన్సార్ ఉంది. వెనుక సెన్సార్ లేని అలాంటి బండ్లలో కన్వర్టర్ పూర్తిగా చచ్చినా లైటు వెలగదు, కోడ్ రాదు. నాకు కింద గరగరమని చప్పుడు వచ్చేదాకా తెలియలేదు. చల్లారిన తరువాత రబ్బరు సుత్తితో తట్టి చూస్తే లోపల గూడు ముక్కలైనట్టు తెలిసింది. (పైనున్న రేకు కవచం వదులైనా ఇంచుమించు అదే చప్పుడు వస్తుంది, ముందు దాని బోల్టులు చూసుకోవాలి.)

మరొక మాట మనవైపు వారికి తప్పక చెప్పాలి. రైతులు నూర్పిడి కోసం రోడ్డు మీద ఉలవ కట్టె పరిచినప్పుడు దాని మీదుగా పోతే, ఆ కట్టె కింద చుట్టుకుంటుంది. మిస్ అవుతున్న ఇంజన్‌తో కన్వర్టర్ ఎర్రగా కాలుతున్నప్పుడు అది అంటుకోవడానికి ఎంతోసేపు పట్టదు. వీలైతే పక్కనుంచి వెళ్లండి, లేకపోతే దాటగానే ఆపి కింద చూసి తీసేయండి.

అలిపిరి_పాతబండి:
షెడ్డు గారూ, పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఇంజన్ వణకడం మూడు నెలలుగా ఉంది, దాన్ని నేను పట్టించుకోలేదు. పెట్రోలులో కలిపే క్లీనర్ సీసాలతో కన్వర్టర్ బాగవుతుందని ఒకరు చెప్పారు. నిజమేనా?

ఆటోనగర్_షెడ్డు:
మసి కొద్దిగా పట్టి ఉంటే కొంత తేడా కనిపించవచ్చు. కరిగిన పింగాణీని, ఆయిల్ పట్టి చచ్చిన పూతను ఏ సీసా బాగుచేయలేదు. ఆ డబ్బు ప్లగ్‌లకు పెట్టండి. పాత కన్వర్టర్ విప్పిన తరువాత దాన్ని అక్కడే వదిలి రాకండి. అందులోని లోహాల వల్ల తుక్కుగా కూడా దానికి విలువ ఉంది, బిల్లులో ఆ మేరకు తగ్గించమని అడగండి. సెకండ్‌హ్యాండ్‌ది కొనేవారు రెండు వైపుల నుంచీ టార్చి వేసి గూడు ఉందో లేదో చూడాలి, ఖాళీ డబ్బాలు కూడా అమ్ముతున్నారు.

అలిపిరి_పాతబండి (మూడు వారాల తరువాత):
జరిగింది రాస్తున్నాను. మూడో సిలిండర్ ప్లగ్ గుంటలో ఆయిల్ నిలిచి ఉంది. వాల్వ్ కవర్ గాస్కెట్ (ఇంజన్ పైమూత సీలు) గట్టిపడి ఆయిల్ కారడంతో కాయిల్ రబ్బరు పాడైంది. గాస్కెట్, ఒక కాయిల్, నాలుగు ప్లగ్‌లు కలిపి 5,200 రూపాయలు అయ్యాయి. బ్యాక్ ప్రెషర్ 2,500 ఆర్‌పీఎం దగ్గర 6 పీఎస్ఐ చూపించింది. విప్పి చూస్తే గూడు సగం కరిగి గాజుముద్దలా ఉంది, కాబట్టి మార్చక తప్పలేదు. బెంగళూరు జె.సి. రోడ్డులో బీఎస్-4కు సరిపోయే కొత్తది, కంపెనీది కానిది, 16,000 రూపాయలకు బిల్లుతో దొరికింది. బిగింపు 1,800, పాతదానికి 3,000 తగ్గించారు. పొల్యూషన్ టెస్టులో కార్బన్ మోనాక్సైడ్ 0.04 శాతం, హైడ్రోకార్బన్లు 58 పీపీఎం వచ్చాయి. నిన్న అమ్మానాన్నలతో మళ్లీ తిరుమలకు వెళ్లాము. అప్పుడు ఆగిన మలుపు దగ్గర కూడా బండి ఇబ్బంది లేకుండా లాగింది, నాన్న ఆ చోటు గుర్తుపట్టి చూపించారు. వెనుక సెన్సార్ ఇప్పుడు 0.65 దగ్గర నిలకడగా ఉంది. 5,000 కిలోమీటర్లు తిరిగిన తరువాత మళ్లీ చూపించి, ఆ అంకె కూడా ఇక్కడే రాస్తాను.