మేడ మీద సోలార్: సబ్సిడీ ఎవరికి దక్కుతోంది?

ఒంగోలు మాస్టారు: ఇంటి మేడ మీద సోలార్ పెట్టుకుంటే సబ్సిడీ ఇచ్చే కేంద్రం వారి సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో వచ్చింది. ఒక కిలోవాట్‌కి 30 వేలు, రెంటికి 60 వేలు, మూడూ ఆపైన 78 వేలు ఇస్తారు. నన్నడిగితే ఇది కలిగినోళ్ళ పథకం. మన ఆంధ్రాలో కరెంటు రేట్ల స్లాబులు చూడండి, 30 యూనిట్ల దాకా యూనిట్‌కి రూ.1.90, 75 దాకా 3, 125 దాకా 4.50. అంటే 100 యూనిట్లు కాల్చే ఇంటికి కరెంటు చార్జీ 305 రూపాయలే, అదే 350 కాల్చే ఏసీ ఇంటికి 2,100 పైమాటే. సోలార్‌తో మిగిలేది ఎవరికి? యూనిట్‌కి 8.75 కట్టే పై స్లాబువాళ్ళంతా సోలార్‌కి మారిపోతే, కరెంటు సరఫరా చేసే డిస్కమ్ ఆ లోటు ఎవరి నెత్తిన రుద్దుతుంది?

కావలి కుర్రోడు: మాస్టారూ, ఏసీ ఉంటే జమీందార్లమా? మే నెలలో మా ఊళ్ళో ఒక్క రాత్రి ఫ్యాన్ కింద పడుకుని చూడండి. మాది మూడు కిలోవాట్లు, ఎండాకాలం రోజుకు 12 యూనిట్ల దాకా వస్తాయి. ఉప్పుగాలికి ప్యానెళ్ళ మీద జిగట పేరుకుంటుంది, మా నాన్న పొద్దున్నే తడిగుడ్డ పట్టుకుని పైకెక్కుతాడు, అదొక డ్యూటీ అయిపోయింది ఆయనకి. కాకపోతే సబ్సిడీ తనిఖీ అయ్యాకే అకౌంట్లో పడింది, అప్పటిదాకా డబ్బంతా మనమే సర్దుకోవాలి. అక్కడ మాత్రం మీ మాట ఒప్పుకుంటా.

అల్లూరు చెరువుగట్టు: రొయ్యల రైతుగా చెప్తున్నా. చిన్న రైతులకు కరెంటు యూనిట్ రూపాయిన్నరకే ఇస్తూ సోలార్ పెట్టుకోమంటే ఎవరు పెడతారు? పైగా చెరువు నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయేది తెల్లవారుజామున, నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు ఆడాల్సిందే అప్పుడు, ఆ వేళ ఎండ ఎక్కడిది? ఇంకోటి, బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకే కలిపిన ఆన్‌గ్రిడ్ సోలార్ అయితే లైన్లో కరెంటు పోగానే మీ సోలారూ ఆగిపోతుంది, స్తంభమెక్కిన లైన్‌మన్‌కి షాక్ కొట్టకుండా. మిచాంగ్ తుఫానప్పుడు మా పక్కింటాయన నెత్తిన ప్యానెళ్ళు పెట్టుకుని ఇంట్లో కొవ్వొత్తి వెలిగించాడు.

ఒంగోలు మాస్టారు: అద్దె ఇళ్ళవాళ్ళ సంగతి ఎవరూ ఎత్తరేం? వాళ్ళకి మేడే లేదు కదయ్యా.

కావలి కుర్రోడు: వాళ్ళకి లేదని ఉన్నోళ్ళూ మానేయాలా మాస్టారూ? ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకి రాష్ట్రం ఉచితంగా పెట్టిస్తామంటోంది, దాన్ని కూడా కలిగినోళ్ళ పథకం అంటారా?

కందుకూరు కొత్త సభ్యుడు: అన్నలూ, మీ వాదన తర్వాత. మాది సొంత డాబా, నెలకు 140 యూనిట్లు. పెట్టాలా వద్దా?

ఒంగోలు మాస్టారు: నీకిప్పుడు చార్జీ 507 పడుతోంది. ఒక కిలోవాట్ పెడితే నెలకు 120 యూనిట్ల దాకా వస్తాయి, మిగతా 20కి 38 రూపాయలు. మిగిలేది 470 లోపే. 30 వేలు పోను చేతి నుంచి పడేదెంతో కొటేషన్ తీసుకుని ఆ 470తో భాగించు, ఎన్ని నెలలో తేలుతుంది. అప్పు చేసి మాత్రం పెట్టకు నాయనా. వడ్డీకే సగం పోతుంది.

కావలి కుర్రోడు: చూశారా, మాస్టారే పెట్టిస్తున్నారు!

ఒంగోలు మాస్టారు: లెక్క చెప్పానయ్యా, పెట్టమనలేదు.