డేనిష్ మాటల్ని తెలుగు అక్షరాల్లో రాసుకోవడం మంచిదా, చెడ్డదా?

ఒడెన్స్ కోడలు: డెన్మార్క్‌కి కొత్తగా వచ్చిన అక్కాచెల్లెళ్ల కోసం నా నోటుబుక్కులోంచి కొన్ని మాటలు పెడుతున్నాను. పలకరింపుకు హై, వెళ్లొస్తానంటే హై హై. థాంక్స్‌కి టాక్. భోజనం మల్. తిని లేచేటప్పుడు వండినవాళ్లతో "టాక్ ఫో మల్" అనాలి, వాళ్లు "వెల్‌బెకొమ్మ" అంటారు. ప్లీజ్‌కి సరిగ్గా సరిపోయే ఒక్క మాట లేదు. అడిగేదాని చివర టాక్ చేరిస్తే మర్యాదగానే ఉంటుంది.

పాత సైకిల్: అమ్మా, ఇలా రాయకండి. భోజనానికి మీరు రాసిన మల్‌లో ల ఎక్కడుంది? చివర ఉన్నది మెత్తని ద. నాలుక కొన కింది పళ్ల వెనక ఆనించి, నడిమి భాగం కొంచెం పైకి లేపితే వస్తుంది. మన అక్షరాల్లో అది లేదు.

ఒడెన్స్ కోడలు: ద అని రాస్తే అందరూ మద్ అంటారు, ఎదుటివాళ్లకు ఒక్క ముక్క అర్థం కాదు. ల అంటే అర్థమవుతుంది. బేకరీలో రూబ్రోల్ అని అడిగి రై రొట్టె తెచ్చుకుంటున్నాను. డేనిష్ స్పెల్లింగులో అందులో గ కూడా ఉంది, ఎవరూ పలకరు.

ఆర్హుస్ నుంచి: నాకు అంకెలే టెన్షన్. యాభై హల్‌త్రెస్, అంటే రెండున్నర ఇరవైలు. తొంభై హల్‌ఫెమ్స్, నాలుగున్నర ఇరవైలు. బిల్లు ఎంతో చెబితే కార్డు చాచడమే.

తెనాలి: తెలుగు అక్షరాలు అంత పనికిరానివేం కావు. చలి, చాప అన్నప్పుడు పలికే చ ఉంది చూడండి, టాక్‌లో మొదటి శబ్దం దాదాపు అదే, కాస్త ఊపిరి కలపాలి.

పాత సైకిల్: దాదాపు అనేదే కొంప ముంచుతుంది. హున్ అంటే ఆమె. అదే మాటను చివర్లో గొంతు బిగించి అంటే కుక్క. ఈ బిగింపును వాళ్లు స్టోల్ అంటారు. ఏ గుణింతంతో రాస్తారు?

ఒడెన్స్ కోడలు: స్టోల్ చివరా ఆ మెత్తని దే కదా, మీరే ల పెట్టి రాశారు!

పాత సైకిల్: మాటకు మాట అనడం కాదమ్మా.

ఒడెన్స్ కోడలు: క్లాసుకెళ్లి నేర్చుకోమనేగా మీరు చెప్పేది? నేను వచ్చేసరికి పాపకు ఐదు నెలలు. ఆయన రాత్రి ఏడింటికి ఇల్లు చేరేవారు. పిల్లను ఎవరి చేతిలో పెట్టి క్లాసుకు వెళ్లాలి? రోజంతా మనిషితో మాటలేదు. ఆ నోటుబుక్కే నన్ను గడప దాటించింది. మీరు దాన్ని తప్పుల తడక అంటుంటే కడుపు మండుతోంది.

తెనాలి: ఆయన ఆ మాట అనలేదు.

పాత సైకిల్: అనలేదు, కానీ నా మనసులో ఉన్నది అదే. ఎందుకో చెబుతాను. నేనూ రెండేళ్లు అలాగే తెలుగులో రాసుకుని బట్టీపట్టాను. నాలుక అక్కడే గట్టిపడింది. ఇప్పుడు మా అమ్మాయి స్నేహితులు ఇంటికొస్తే, "నాన్నా, నువ్వు మాట్లాడకు" అంటుంది. తొమ్మిదేళ్ల పిల్ల. మీ పాప రేపు మీతో ఆ మాట అనకూడదనే నా తపన.

ఒడెన్స్ కోడలు: అన్నా, అది వేరే బాధ. అర్థమైంది. కానీ మీ భయం ఐదారేళ్ల తర్వాతది, నాది రేపు ఉదయానిది. తప్పో ఒప్పో ఇవాళ నోరు తెరవకపోతే నేను ఎప్పటికీ తెరవను.

ఆర్హుస్ నుంచి: పౌరసత్వానికి సాధారణంగా మూడో స్థాయి డేనిష్ పరీక్ష పాసవ్వాలిగా, అందులో నోటి పరీక్ష కూడా ఉంది. ఇద్దరి మాటా అవసరమే.

ఒడెన్స్ కోడలు: సరే అన్నా. సోమవారం నుంచి పాప శిశుకేంద్రానికి వెళ్తోంది. సాయంత్రం తీసుకొచ్చేటప్పుడు "తిన్నదా?" అని ఎలా అడగాలి?

పాత సైకిల్: హా హున్ స్పీస్ట్? హున్ చప్పున వదిలేయండి, గొంతు బిగించొద్దు. స్పీ మాత్రం సాగదీయాలి. ఫోనులో రికార్డు చేసి పంపుతాను, పది సార్లు విని అప్పుడు నోటుబుక్కులో రాసుకోండి.