‘వాతావరణ శరణార్థి’ అనొచ్చా?

నిన్న ఇక్కడ ఒకరు అడిగారు కదా, వాతావరణ మార్పు వల్ల ఊరు వదిలిపోయేవాళ్ళని ‘వాతావరణ శరణార్థి’ అని రాయొచ్చా అని. పేపర్లలో కనిపిస్తోంది గానీ నాకైతే మింగుడుపడదు. శరణార్థి అంటే శరణు అడిగినవాడు, మరి ఇచ్చేవాడేడీ? 1951 శరణార్థుల ఒప్పందం జాతి, మతం, జాతీయత, రాజకీయాభిప్రాయం, సామాజిక వర్గం, వీటివల్ల వేధిస్తారని భయపడి దేశం దాటినవాళ్ళకే. కరువు, వరద దాంట్లో లేవు. పసిఫిక్ సముద్రంలోని కిరిబాటి దీవులాయన అయోనే టెయిటియోటా సముద్రం పైకొస్తోంది, ఉండనివ్వండి అని న్యూజిలాండ్‌లో కోర్టులన్నీ తిరిగినా 2015లో వెనక్కి పంపేశారు. పైగా ఎక్కువమంది దేశమే దాటరు. 2050కల్లా సొంత దేశంలోనే ఊరు మారేవాళ్ళు 21.6 కోట్ల దాకా ఉండొచ్చని ప్రపంచ బ్యాంకు 2021లో చెప్పిన లెక్క.

‘కాందిశీకుడు’ బాగుంటుందని ఇంకొకరన్నారు. మంచి మాటే. ‘కాం దిశం’, అంటే ఏ దిక్కుకు పోవాలి అన్నదాంట్లోంచి వచ్చింది, భయపడి పరుగెత్తేవాడు. బర్మా నుంచి వచ్చేసిన మనవాళ్ళని అలాగే అన్నాం. 2021 నవంబరు వానలకి తిరుపతి దగ్గర రాయలచెరువు కట్ట తెగేలా ఉందని కింది ఊళ్ళు ఖాళీ చేయించినప్పుడు, పాసుపుస్తకం, రేషన్ కార్డు సంచిలో వేసుకుని, గొడ్లను పలుపులు విప్పి వదిలేసి పోయిన మా చుట్టాలు ఆ రాత్రికి అచ్చంగా కాందిశీకులే.

కానీ మా చిత్తూరు పడమటి మండలాల్లో అలా జరగదు. చెనిక్కాయ (వేరుశనగ) ఊడలు దిగేటప్పుడు బెట్ట, పీకి వామి వేసేటప్పుడు వాన. ఒక బోరు ఎండిపోతే ఇంకా లోతుకి ఇంకోటి, దానికి అప్పు, చివరికి కొడుకు కుప్పంలో రైలెక్కి బెంగుళూరు. దిక్కు తెలిసే పోతున్నాడు, పరుగు లేదు. (రాయలసీమకి కరువు కొత్తా అంటారేమో, కొత్త కాదు, ప్రతి కరువునీ వాతావరణ మార్పు ఖాతాలో రాయలేం, అన్నన్ని బోర్లు వేసింది మనమే. కానీ వాన కాలం తప్పి, పడితే ఒక్కసారే కుమ్మరించడం ఎక్కువైంది.) వీళ్ళకి ‘వలస’ చాలు. ఇంటికి తాళం పడి, పండక్కి కూడా రాకపోతే మా పెద్దవాళ్ళు ‘దేశాలు పట్టిపోయినారు’ అంటారు, అది వలస కంటే గట్టి మాట.

కింద కామెంట్లో ఒక తమ్ముడు, ‘అన్నా, హెడ్డింగులో ఏం పెట్టమంటావు, ఒక్క మాట చెప్పు’ అన్నాడు. రెండు రకాల మనుషుల్ని ఒక్క మాటలో ఎందుకు కుక్కడం? ‘వరద నిర్వాసితులు’, ‘వానల్లేక వలస’ అని కారణం ముందుపెట్టి రాయి తమ్ముడూ, నాలుగక్షరాలు ఎక్కువైతే కొంపేం మునగదు.