అప్‌డేట్: మా అన్న ఎయిర్‌లైన్‌లో చేరాడు

వైమానిక దళంలో రవాణా విమానాలు నడిపిన మా అన్న నేరుగా ఎయిర్‌లైన్‌లో చేరొచ్చా అని అప్పట్లో అడిగాను కదా. కుదరదు. పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ ఇచ్చే లైసెన్సు కావాలి, పైలట్లకు చేసే క్లాస్ 1 మెడికల్ పరీక్ష పాసవ్వాలి. కెప్టెన్ కావడానికి అవసరమైన ఏటీపీఎల్ అనే పై స్థాయి పైలట్ లైసెన్సుకు 1500 గంటలు విమానం నడిపి ఉండాలి. కర్నూలులో మా ఇంటి అరుగు మీద, నడిపిన గంటలు రాసుకునే లాగ్‌బుక్ తెరిచి, పేజీ పేజీ కూడి చూసుకున్నాం. ఎప్పుడో దాటేశాడు.

ఆపద వస్తే మిలిటరీ అనుభవం పనికొస్తుందా అని నాన్న అడిగాడు. అన్న 2009లో న్యూయార్క్‌లోని హడ్సన్ నది మీద జరిగిన సంగతి చెప్పాడు. పక్షులు తగిలి రెండు ఇంజిన్లూ దెబ్బతిన్నాక, మాజీ ఫైటర్ పైలట్ సల్లెన్‌బర్గర్ సుమారు మూడున్నర నిమిషాల్లో విమానాన్ని నీళ్ల మీద దించారు. 155 మందీ బతికారు. "పక్కన కో-పైలట్ చెక్‌లిస్ట్ వదల్లేదు నాన్నా, అదీ ముఖ్యమే" అన్నాడు.

నిన్న అన్నను ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు నుంచి ట్రైనింగ్‌కు పంపి వచ్చాం. అమ్మ గేటు దగ్గర చాలాసేపు కదల్లేదు.